వాపుకు సరిపోయిన అచ్చు

మా ఆసుపత్రిలో అచ్చులన్నయ్య అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండదు. కిరణాల విభాగానికి వచ్చే ప్రతి ముఖానికీ అచ్చు తీసేది ఆయనే కాబట్టి, డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆయన అచ్చులన్నయ్యే. నేను పక్క గదిలో కిరణాల యంత్రం నడుపుతాను. ఆయన అచ్చు తీస్తే నేను బిగిస్తాను. ఆయన పని సరిగ్గా ఉంటేనే నా పని సరిగ్గా ఉంటుంది. ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది లేదు. నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు. అయినా తగాదా రాలేదంటే ఆ గొప్ప ఆయనదే.

అచ్చు అంటే ఏమిటో ముందు చెప్పాలి. మెడకో, నోటికో, మెదడుకో కిరణాలు పెట్టాలంటే మనిషి తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదలకుండా పడుకోండి అంటే మాత్రం ఎంతసేపని పడుకుంటారు? అందుకని ముఖానికి అతుక్కుపోయే ముసుగు ఒకటి చేసి, దాన్ని బల్లకి బిగించేస్తాం. సన్నటి చిల్లులున్న ప్లాస్టిక్ పలక ఒకటుంటుంది. వేడినీళ్ళ తొట్టిలో వేస్తే తడిగుడ్డలా మెత్తబడుతుంది. దాన్ని తీసి, నీళ్ళు దులిపి, పడుకున్న మనిషి ముఖం మీద పరిచి, చల్లారేలోగా ముక్కు పక్కనా, నుదుటి మీదా, గడ్డం కిందా వేళ్ళతో నొక్కాలి. చల్లారాక తెల్లగా, గట్టిగా అయిపోతుంది. ఇక ఆ మనిషి వైద్యం అయ్యేదాకా రోజూ అదే ముసుగులో దూరి అదే వంపులో పడుకోవాలి. గడ్డం కాస్త పైకెత్తినా కిరణం ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడుతుంది.

ముసుగు కింద నోరు తెరవడం కుదరదు. అందుకని ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేవాడు. "మంగలి దగ్గర కూర్చున్నట్టు ఉండండి సార్. అక్కడైతే చెవి తెగుతుందేమోనని భయం. నా దగ్గర కత్తి కూడా లేదు" అనేవాడు. భయంతో వణికిపోయే ఆడవాళ్ళతో, "అమ్మా, పొద్దున్నే ఒక పోలీసాయన వచ్చాడు. ఆయన మీసాలు దీనికి అంటుకుపోయి పీక్కోలేక చచ్చాం. మీకా బాధ లేదు" అనేవాడు. మీసాల పోలీసు మా దగ్గరికి ఏనాడూ రాలేదు. అయినా రోజుకొకసారైనా ఆయన్ని పిలవకుండా అచ్చు పూర్తయ్యేది కాదు. "ఆ పోలీసు మీసాలు రోజురోజుకీ పెరుగుతున్నాయేంటి అన్నయ్యా?" అని నేనంటే, "నీ కోపం కంటే తక్కువే చెల్లెమ్మా" అనేవాడు.

ఎదుటివాళ్ళ నొప్పి ఆయన చూడలేడు. చంటిపిల్లకి సూది వేస్తుంటే గదిలోంచి బయటికి నడిచేవాడు. ముసుగు తీశాక ఎవరి నుదుటి మీదైనా గుర్తులు పడి ఉంటే, తనే ఏదో నేరం చేసినట్టు తడిగుడ్డ తెచ్చి అద్దేవాడు. రోగులు ఆయన్ని దేవుడనేవాళ్ళు. నన్ను రాక్షసి అనేవాళ్ళు, ఎందుకంటే రోజూ బిగించేది నేను. ఆయన జాలి మంచిదా చెడ్డదా అని అప్పట్లో నేనెప్పుడూ ఆలోచించలేదు. జాలి గురించి ఎవరాలోచిస్తారు?

ఆయన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి ఆయనకి అక్షరాలు దిద్దే వయసు, ఆవిడకి రెండు జడల వయసు. తండ్రి లారీ తోలుతూ వారాల తరబడి రోడ్ల మీదే ఉండేవాడు. అక్కే వండింది, ఉతికింది, చదివించింది, వీపు విమానం మోత మోగించింది. తండ్రి ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన దగ్గరే బండి నేర్చుకుంది. పెళ్ళయింది, భర్త పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడి ఇంటి మేడ మీద గదిలో ఉంటూ, పాత కారు ఒకటి పెట్టుకుని ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పేది. మా ఊళ్ళో స్టీరింగు పట్టిన ఆడవాళ్ళలో సగంమంది ఆవిడ తిట్లు తిన్నవాళ్ళే. నేనూ కడుపునిండా తిన్నాను.

"క్లచ్చు తల్లీ, క్లచ్చు! అది కాళ్ళు పెట్టుకునే పీట కాదు!" "అద్దంలో చూడమన్నది వెనక బండిని, నీ జుట్టుని కాదు!" పక్క సీట్లో కూర్చుని ఆవిడ అరిస్తే పక్క వీధిలో పోయేవాళ్ళు బ్రేకు వేసేవాళ్ళు. అలాగని అరుపొక్కటే కాదు. నేను మొదటిసారి పెద్ద రోడ్డెక్కినప్పుడు ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. నా చేతులు బిగుసుకుపోయాయి. ఆవిడ అరవలేదు. "దాని దారి దానిది, నీ దారి నీది" అంది, పక్కన కూర్చుని అన్నం వడ్డిస్తున్నంత నెమ్మదిగా. లారీ వెళ్ళిపోయింది. ఆవిడ విద్యంతా ఆ గొంతులోనే ఉండేది. ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో అంతా దానికే తెలుసు.

ఆ గొంతులోనే జబ్బొచ్చింది. కుడివైపు టాన్సిల్ దగ్గర క్యాన్సరు గడ్డ. అరిచి అరిచి గీరుకుపోయిందనుకుని ఆవిడ చాలా రోజులు పట్టించుకోలేదు. మా చిన్న డాక్టరమ్మ స్కానింగులన్నీ చూసి, కోత అక్కర్లేదు, కిరణాలతో పోతుంది అంది.

అక్క ఒకటే అడిగింది. "గొంతుంటుందా?"

"ఉంటుంది. స్వరపేటిక గడ్డకి కొంచెం కిందగా ఉంది. దాన్ని తప్పించి కిరణాలు పడేలా గీస్తాం. అయితే మధ్యలో ఉన్న దూరం ఎక్కువేం కాదు. తల మాత్రం అస్సలు కదలకూడదు."

"అరవగలనా?"

"మా వాళ్ళ మీద అరవనంటే, అరవగలరు" అని నవ్వింది డాక్టరమ్మ.

అచ్చు తమ్ముడే తీశాడు. పోలీసునీ పిలిచాడు, మీసాల కథా చెప్పాడు. చల్లారిన ముసుగు తీసేదాకా అక్క చేతులు కట్టుకుని పడుకుంది. "మా అక్క ఎదురు చెప్పకుండా నా మాట వినడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి" అన్నాడాయన నాతో. ముసుగు తీయడం ఆలస్యం, "అయిందా నీ వాగుడు?" అంది ఆవిడ. ఆ గది అంతగా నవ్విన రోజు నాకు గుర్తులేదు.

మొదట్లో అంతా సాఫీగా సాగింది. పొద్దున పాఠాలు చెప్పుకుని, మధ్యాహ్నం వచ్చి కిరణాలు పెట్టించుకుని వెళ్ళేది. మూడో వారంలో బుగ్గలూ దవడా వాచాయి. నోరంతా పుండ్లు. పలచటి జావ కూడా కళ్ళు మూసుకుని మింగేది. ముసుగు బిగించేసరికి చర్మం చిల్లుల్లోంచి పొంగేది. తీశాక ముఖమంతా గళ్ళు గళ్ళుగా గుర్తులు మిగిలేవి.

ఆ వారం డాక్టరమ్మ చూసేటప్పుడు నేనూ తమ్ముడూ కూడా గదిలోనే ఉన్నాం.

"కిరణం కొట్టేది గడ్డనే కదమ్మా? నా బుగ్గలేం పాపం చేశాయి?" అంది అక్క.

డాక్టరమ్మకి ఓపిక ఎక్కువ. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "కిరణం పోయే దారిలో ఉన్న మంచి కణాలకీ కొంచెం దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలిన కణంలోంచి, లోపల ఉండాల్సింది కొంత బయటపడుతుంది. మన ఒంట్లో కాపలా తిరిగే కణాలు కొన్నుంటాయి. అవి దాన్ని పసిగట్టి, ఇక్కడేదో జరిగిందని కొన్ని రసాయనాలు వదుల్తాయి. అవి కబుర్లు అనుకోండి. ఆ కబురందుకుని ఇంకొన్ని కాపలా కణాలొస్తాయి. అవీ కబుర్లు పంపుతాయి. అక్కడి రక్తనాళాల్లోంచి నీరు ఊరుతుంది. ఈ వాపు, ఈ ఎరుపు, ఈ మంట, అంతా ఆ కబుర్ల పనే."

"అంటే మా వీధి కుక్కలే" అంది అక్క. "మొదటిది దేన్నో చూసి మొరుగుతుంది. మిగతావి మొదటిది మొరిగిందని మొరుగుతాయి."

"సరిగ్గా అంతే."

"ఆ కిరణానికి ఆ కుక్కలు చావవా మరి?"

"కొన్ని చస్తాయి. కొన్ని మహా మొండివి, చావవు. పైగా కిరణం తగిలితే వాటి కోపం పెరుగుతుంది. రోజూ తగులుతోంది కదా, రోజూ మొరుగుతాయి."

"మీ గేటు దగ్గర కాపలా ఆయన మడమ నొప్పి ఈ కిరణాలతోనే తగ్గిందని చెప్పాడే?"

"ఆయనకిచ్చింది చాలా చిన్న మోతాదు. అంత కొంచెం తగిలితే అవే కణాలు సద్దుమణుగుతాయి. మోతాదు పెద్దదైతే రెచ్చిపోతాయి."

"నా శిష్యురాళ్ళూ ఇంతే. కొంచెం తిడితే కుదురుగా నడుపుతారు. ఎక్కువ తిడితే స్టీరింగు వదిలేసి ఏడుస్తారు" అంది అక్క, వాచిన పెదాలతో.

మేం నవ్వాం. తమ్ముడు నవ్వలేదు. అక్క బుగ్గ మీద గళ్ళని చూస్తూ నిలబడ్డాడు. లేచేముందు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. కిరణాలు మధ్యలో ఆపితే గడ్డకి ఊపిరి తీసుకునే సందు ఇచ్చినట్టే. ముసుగు మరీ బిగుతైతే చెప్పాలి, కొత్తది చేసి, మళ్ళీ స్కానింగు తీసి, లెక్కలన్నీ మళ్ళీ వేయాలి, దానికి కొన్ని రోజులు పోతాయి. "వీలైనంతవరకూ ఆ అవసరం రాకూడదు" అంది.

ఆ మర్నాడు బిగించాక నేను బయటికొచ్చి తెరలో చూస్తున్నాను. అక్క కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకున్నాయి. ఒక్క వేలు ఎత్తితే ఆపేస్తామని ఆవిడకి తెలుసు. ఎత్తలేదు. తమ్ముడు నా వెనకాలే నిలబడి చూస్తున్నాడన్న సంగతి నేను తర్వాత గమనించాను. ముసుగు విప్పాక తడిగుడ్డతో వచ్చాడు.

"నొప్పా అక్కా?"

"నీ మొహం. పద, మూడింటికి శిష్యురాలొస్తుంది."

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన ఆ ముసుగుని తన గదిలోకి తీసుకెళ్ళాడు. ఒకసారి గట్టిపడ్డ అచ్చుని మళ్ళీ వేడి చేయకూడదు. ఆ నియమం మా అందరికీ నేర్పింది ఆయనే. అయినా గడ్డం దగ్గర వేడిగాలి పట్టించి, లోపల్నించి బొటనవేలితో వడ్లగింజ మందం బయటికి నెట్టాడు. రెండు బుగ్గల దగ్గరా అంతే చేశాడు. కొత్త ముసుగంటే వైద్యం ఆగుతుంది, పాతదంటే అక్క ఏడుస్తుంది. రెండూ లేకుండా చేశాననుకున్నాడు. మర్నాడు ముసుగు అక్క ముఖానికి చక్కగా అమిరింది. ఎక్కడా సందు లేదు, వంక పెట్టడానికి లేదు. వాపుకు సరిగ్గా సరిపోయింది.

ఇక్కడే కొంప మునిగింది. ముసుగు సంగతి తెలియని డాక్టరమ్మ, ఆ పుండ్లూ వాపూ చూడలేక స్టెరాయిడ్ మాత్రలు రాసింది. ఆ మాత్రలు చేసే పని కుక్కల నోళ్ళు కట్టడమే. కబుర్లు ఆగితే నీరు తీస్తుంది. రెండు మూడు రోజుల్లో అక్క బుగ్గలు దిగిపోయాయి. అచ్చు మాత్రం వాపు ముఖం అచ్చుగానే ఉండిపోయింది. ఎన్ని వేల ముఖాలు ఆ వేళ్ళ కింద చల్లారాయో, అయినా ఆయనకి ఇది తోచలేదు. వాపంటే కండలాంటిదే, ఉన్నచోట ఉంటుంది అనుకున్నాడు. ఒక మాట వింటే పుట్టి, ఇంకో మాట వింటే పోయేదని అనుకోలేదు.

మేం యంత్రం సరిచూసుకునే గీతలు ముసుగు మీద ఉంటాయి, ముఖం మీద కాదు. గీతలు రోజూ సరిగ్గానే కలిశాయి. మాత్రలు పనిచేసి హాయిగా దూరుతోందనే అనుకున్నాం. వారానికోసారి తీసే ఎక్స్‌రే బొమ్మ ఆ వారం చివర్న తీసినప్పుడు తెర మీద దవడ వంపు తేడాగా కనిపించింది. గడ్డం కిందికి వాలి ఉంది. వాలిన గడ్డం వెంట స్వరపేటిక కదిలి, దాన్ని తప్పించి గీసిన గీత దాటి ఇవతలికి వచ్చింది.

యంత్రం ఆపేసి, ముసుగు విప్పి, కిటికీ వెలుగులో పెట్టి చూశాను. గడ్డం దగ్గర చిల్లులు సాగి కోలగా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన గదికి వెళ్ళేసరికి ఎవరో పెద్దాయనకి పోలీసు మీసాల కథ చెబుతున్నాడు.

"అన్నయ్యా, ఒకసారి బయటికి రా."

వచ్చాడు. నా చేతిలో ముసుగు చూశాడు. బుకాయించలేదు. "వాపు తగ్గిందా?" అన్నాడు.

"తగ్గదా? మందేస్తే తగ్గదా? ఇన్నేళ్ళ నుంచి ఏం చూస్తున్నావిక్కడ?" వరండా అంతా వినపడేలా అరిచాను.

"నాకు తట్టలేదు చెల్లెమ్మా" అన్నాడు. లోపలున్న పెద్దాయనకి అచ్చు పూర్తిచేసి, తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి తను చేసిందంతా చెప్పాడు. డాక్టరమ్మ లెక్కలు వేయించింది. ఆ కొద్ది రోజులూ స్వరపేటిక మీద పడకూడని మోతాదు పడింది. ఎంత చెడుపు చేస్తుందో ఇప్పుడే చెప్పలేనంది.

అక్కకి చెప్పాల్సి వచ్చినప్పుడు డాక్టరమ్మ నోరు తెరవబోతే, "నేను చెబుతాను" అన్నాడు. చెప్పాడు. ఎక్కడా దాచలేదు. అక్క మొత్తం వింది.

"నొప్పిగా ఉందని నీకు నేను చెప్పానా?"

"లేదక్కా."

"తీసెయ్యమన్నానా? వేలెత్తానా?"

"లేదు."

"నొప్పి నాదిరా. నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది నువ్వు."

ఆయన తల దించుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. తిట్టినా బాగుండేది. అరిచి, చెంప పగలగొట్టినా బాగుండేది. ఆవిడ ఆ మాట లారీ ఎదురొచ్చినప్పుడు మాట్లాడిన గొంతుతో అంది.

కొత్త ముసుగు ఇంకొకరి చేత చేయిద్దామని పెద్ద డాక్టరు అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "గుద్దినవాణ్ణి అక్కడే మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోబెట్టాలి డాక్టరుగారూ. ఇంటికి పంపితే ఇక జన్మలో బండి ముట్టడు. వాడే చెయ్యాలి." పక్కన ఇంకొకరు నిలబడాలన్న షరతు మీద సరేనన్నారు. నిలబడింది నేనే. పలక తొట్టిలో మెత్తబడింది. తీసి పరిచాడు. ముక్కు పక్కన నొక్కాడు, నుదుటి మీద నొక్కాడు. గడ్డం దగ్గర వేళ్ళు తేలిపోతున్నాయి. ముసుగు కింద నుంచి అక్క చెయ్యి లేచి, ఆయన మణికట్టు పట్టుకుని, గడ్డానికేసి అదిమింది. ఆయన నొక్కాడు. ఆవిడ పుండ్ల మీద ఆ నొక్కు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ రోజు ఆయన పోలీసుని పిలవలేదు. ఆ తర్వాత కూడా ఆయన నోట పోలీసు కథ నేను వినలేదు.

కిరణాలు పూర్తయ్యాయి. గడ్డ కరిగిపోయింది. గొంతు కాస్త బొంగురుపోయినా అక్క మళ్ళీ కారెక్కింది. తమ్ముడు రోజూ మేడ కింద నిలబడి ఆ గొంతు వినేవాడట. బొంగురు తగ్గిందా, పెరిగిందా అని. ఎండలు ముదిరేసరికి పెరిగింది. తర్వాత నీళ్ళు పొలమారడం మొదలైంది. ఆ తర్వాత ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. "క్లచ్చు" అన్న మాట బయటికి రావడానికి ఆవిడ సీట్లోంచి ముందుకి వంగాల్సి వచ్చేది. శిష్యురాళ్ళు ఒక్కొక్కరే వేరేచోట చేరారు. వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. బ్రేకు అన్నది ఆలస్యంగా వినపడితే ఏమవుతుందో వాళ్ళకీ భయమే.

డాక్టరమ్మ గొట్టం వేసి లోపల చూసింది. "గడ్డ తిరిగి రాలేదు. కానీ లోపల మంట ఆగలేదు. కిరణాలు ఆపి ఇన్ని నెలలైనా ఆ కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూనే ఉన్నాయి. ఆ కబుర్లు విని మచ్చకట్టే కణాలు పని మొదలుపెట్టాయి. స్వరపేటిక బిగుసుకుపోయింది. లోపలి మెత్తటి ఎముక చచ్చుబడుతోంది. ఊపిరికే అడ్డమొస్తోంది. తీసెయ్యక తప్పదు."

"ఆ మాత్రలు?" అన్నాడు తమ్ముడు. "అప్పుడు విన్నాయి కదా?"

"ఇచ్చి చూశాం కదండీ. ఇప్పుడు వినడం లేదు."

"నేను చేసినదానివల్లే కదా ఇది?"

"చెప్పలేను. ఏ పొరపాటూ జరగనివాళ్ళలో కూడా కొందరికి ఇలా అవుతుంది."

"నావల్లే అని చెప్పండి డాక్టరుగారూ. పడి ఉంటాను."

"తెలియనిదాన్ని తెలుసని ఎలా చెప్పను?" అంది డాక్టరమ్మ. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఆయనకి ఉరిశిక్ష వేసినా అంతగా కుంగిపోయేవాడు కాదు. అవునన్నా ఏడ్చి ఊరుకునేవాడు, కాదన్నా ఏడ్చి ఊరుకునేవాడు. అటూ ఇటూ కాకుండా మిగిలిపోయాడు.

ఆపరేషన్‌కి ముందురోజు అక్క నన్ను వార్డుకి పిలిపించింది. ఊపిరి కూడదీసుకుంటూ, రెండు మాటలకోసారి ఆగుతూ మాట్లాడింది. తన గొంతుతో నాతో మాట్లాడటం అదే ఆఖరని ఇద్దరికీ తెలుసు. ఆ విషయం ఎత్తనే లేదు.

"రేపట్నుంచి నాకు నొప్పుంటుంది కదా. చిన్నోడికి చెప్పకండి."

"అదేంటక్కా, అన్నయ్యకి చెప్పకపోతే ఎవరికి చెప్తాం?"

"వాడు ఊరుకోలేడు. నర్సుని పీడిస్తాడు, కట్టు వదులు చేస్తాడు, ఏదో ఒకటి చేస్తాడు. వాణ్ణి నమ్మలేను."

నాకు కోపమొచ్చింది. కని పెంచినట్టు పెంచి, ఒక్క తప్పుకి ఇలా తీసేస్తారా అని. "ప్రాణమిమ్మన్నా ఇస్తాడు మీకు. ఆ మనిషినా మీరు నమ్మనిది?" అన్నాను.

"ప్రాణమిస్తాడు" అంది అక్క. కాసేపు ఈల వేస్తూ ఊపిరి తీసుకుంది. "చూస్తూ కూర్చోమంటే మాత్రం వాడివల్ల కాదు. నాక్కావాల్సింది అదీ."

స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి, ముక్కులోంచి వేసిన గొట్టంలోంచి తిండి. పని మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా వార్డుకి వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆవిడ మంచం కడ్డీని పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. నుదురు ముడుచుకుపోయి, నోరు తెరుచుకుని ఉంది. నర్సుని పిలుద్దామని తిరిగేలోగా వరండాలో తమ్ముడి చెప్పుల చప్పుడు వినపడింది. అక్క కడ్డీ వదిలేసింది. రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుంది. నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి నవ్వుతోంది.

"ఎలా ఉందక్కా?"

బాగుందన్నట్టు తలూపింది.

ఆయన స్టూలు మీద కూర్చుని, ఇంటి దగ్గర నల్లా కారుతోందనీ, కారు మీద దుమ్ము తుడిచాననీ చెప్పాడు. ఆవిడ ప్రతిదానికీ తలూపింది. ఆయన కూడా నవ్వుతూనే మాట్లాడాడు. కానీ ముఖాలు తప్ప వేరే చదువు లేని మనిషి. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు అక్క దవడ మీదే ఉన్నాయి. అక్కడ కండ ఒకటి లోపల్లోపల అదురుతోంది. "సరే అక్కా, పనుంది, వస్తా" అని లేచేశాడు. కూర్చుని పట్టుమని పది నిమిషాలు కాలేదు.

నేను ఊరుకోలేకపోయాను. వెంటపడి వరండాలో నిలదీశాను. "ఇలా వచ్చి అప్పుడే పోతావా? నిన్న కూడా ఇంతేనట, నర్సు చెప్పింది. అక్క దగ్గర కాసేపు కూర్చోడానికి కూడా ఓర్పు లేదా నీకు?"

ఆయన గుమ్మం పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. ఎక్కడికీ పోయే మనిషిలా లేడు.

"నేనుంటే ఏడవదు చెల్లెమ్మా" అన్నాడు. "కాసేపు ఏడవనీ."

నేను లోపలికి వెళ్ళాను. అక్క గోడవైపు తిరిగి, దిండుని రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడుస్తోంది. గొంతు లేదు కాబట్టి చప్పుడు లేదు. తలుపవతల కూర్చున్న ఆయనకి ఏమీ వినపడదు.